గుణమంజరి కథలో విడిచిన సగము

కార్తీక శుద్ధ పంచమినాడు హోసూరు, కృష్ణగిరి పట్టణములలోని శ్వేతాంబర జైన గృహములలో తెల్లవారగానే ఒక పీట వేయుదురు. దానిపై శుభ్రమైన వస్త్రము పరచి, శాస్త్రగ్రంథములు, పిల్లల బడి పుస్తకములు, పలకలు, కలములు పెట్టుదురు. కొందరి ఇండ్లలో దుకాణపు చిట్టా ఆవర్జాలు కూడ ఆ వరుసలో చేరును. వాసక్షేపము చల్లి, దీపము వెలిగించి, సంవత్సరము పొడవున జ్ఞానమునకు తెలిసియు తెలియకయు చేసిన ఆశాతనకు క్షమాపణ చెప్పుకొందురు. దిగంబరులకు ఇదే పండుగ జ్యేష్ఠ శుద్ధ పంచమినాడు శ్రుతపంచమి పేరున వచ్చును. తిథి వేరు, భావము ఒక్కటే.

అట్టి ఇల్లు ఒకటి ఊహించుకొనవచ్చును. పీటమీద అన్నగారి పిల్లల పుస్తకములున్నవి, తమ్ముని కుమార్తె పలక ఉన్నది. తొమ్మిదేండ్ల పిల్లవాడు ఒకడు మేడమీది గదిలో ఉన్నాడు. వాని పలక పీటమీద లేదు, వానికి పలకయే లేదు. మాట ఆలస్యముగా వచ్చినది, వచ్చినది కూడ తక్కువ. బడిలో రెండు సంవత్సరములు కూర్చుండబెట్టి చూచి, తరువాత బడివారే వద్దన్నారు. చుట్టములు వచ్చినప్పుడు మేడమీది తలుపు దగ్గరగా వేయుదురు. ఇరువది యేండ్లుగా ఆ దుకాణములో పనిచేయుచున్న గుమాస్తా ప్రసాదము తీసికొనుచు, "చిన్నబాబును పిలవలేదా సేటుగారూ?" అని అడుగును. "వాని కర్మమప్పా. మనమేం చేస్తాం?" అని సేటుగారు నిట్టూర్చును.

ఇది ఏ ఒక్క ఇంటి కథయు కాదు. 2019లో యునెస్కో సంస్థయు, టాటా సామాజిక శాస్త్రముల సంస్థయు కలిసి ప్రచురించిన నివేదిక ప్రకారము, భారతదేశమున వైకల్యముగల అయిదేండ్ల పిల్లలలో నాలుగింట మూడు వంతులమంది ఏ విద్యాలయమునకును పోవుట లేదు. అయిదు మొదలు పందొమ్మిదేండ్ల వరకు చూచినచో, నాలుగింట ఒక వంతు ఇంటిలోనే ఉన్నారు. ఆ లెక్కలు 2011 జనాభా గణనము నుండి తీసినవి. పేదలు మాత్రమే బిడ్డలను బడికి పంపరనుకొనుట పొరపాటు. కలిగిన ఇండ్లలో కారణము వేరుగా ఉండును, మేడమీది గది కొంచెము పెద్దదిగా ఉండును, అంతే భేదము.

సేటుగారి జవాబులో రెండు మాటలున్నవి. "వాని కర్మము" అన్నది జైన సిద్ధాంతము. "మనమేమి చేస్తాము" అన్నది జైన సిద్ధాంతము కాదు. మొదటి దానినుండి రెండవది పుట్టునట్లు వాడుకలో కలిసిపోయినది గనుక, ఈ రెండింటిని విడదీసి చూచుట అవసరము.

జ్ఞానపంచమినాడు ఉపాశ్రయములో చదువు కథయే ఇందుకు సాక్ష్యము. వరదత్తుడను రాజకుమారునకు ఒక్క అక్షరమైనను పట్టుపడదు. గుణమంజరి అను శ్రేష్ఠి కుమార్తె రోగపీడితురాలు, మూగది. ఆచార్యుడు వారి పూర్వజన్మమును చెప్పును. గుణమంజరి ఆ జన్మములో సుందరి అను వర్తకుని భార్య. తన పిల్లలను గురువు దండించెనన్న కోపముతో ఆమె గురువును తిట్టి, పలకలు పుస్తకములు పొయ్యిలో వేసి, ఇక చదువ నక్కరలేదని పిల్లలతో చెప్పినది. వరదత్తుడు ఆ జన్మములో గొప్ప పండితుడైన ఆచార్యుడు. శిష్యుల ప్రశ్నలకు విసిగి, ఇన్ని తెలిసికొనుటయే తప్పైనదని చదువు చెప్పుట మానుకొన్నాడు. ఆ కర్మము ఈ జన్మమున ఉదయించినది.

ఈ కథ ప్రతి సంవత్సరము వినినవారికి సగమే జ్ఞాపకముండును: మాటరాని పిల్ల పూర్వజన్మములో ఏదో చేసినది అని. రెండవ సగము ఇది: చెడుపని చేసినది మాటరాని పిల్ల కాదు, మాటలు బాగుగా వచ్చిన తల్లి. ఆమె పిల్లల చదువును ఆపినది. చదువు చెప్పగలిగియు చెప్పనివాడు రెండవ దోషి. అనగా, కథ వినుచున్న ఇంటిలో మేడమీద ఉన్న పిల్లవాడు ఏ పాత్రయో చెప్పుట కష్టము గాని, క్రింద కూర్చున్న పెద్దలు ఏ పాత్ర వైపు నడచుచున్నారో చెప్పుట అంత కష్టము కాదు. మరియొకటి. ఆచార్యుడు పూర్వజన్మము చెప్పి లేచిపోలేదు. చేయవలసిన ఆరాధన చెప్పినాడు. వారు ఏండ్ల తరబడి దానిని ఆచరించినారు, బాగుపడినారు. కర్మము చెప్పినది చేతులు ముడుచుకొనుటకు కాదు.

కర్మసిద్ధాంతమును వర్తకులు తేలికగా గ్రహించగలరు, ఖాతా సంగతి వారికి తెలియును గనుక. కాని ఒకరి ఖాతా మరియొకరు తెరచి చదువు హక్కు ఏ బజారులోను లేదు. బిడ్డ పూర్వజన్మపు పద్దు చూచుటకు విశిష్ట జ్ఞానము కావలెను, అది సామాన్య గృహస్థునకు లేదు. కనిపించు పద్దు ఒక్కటే, తన చేతితో ఈనాడు వ్రాయుచున్నది. తత్త్వార్థసూత్రము ఆరవ అధ్యాయములో జ్ఞానావరణీయ కర్మము ఏయే పనులచేత బంధించునో ఆరు చెప్పబడినవి: ప్రదోషము, నిహ్నవము, మాత్సర్యము, అంతరాయము, ఆసాదనము, ఉపఘాతము. వీనిలో అంతరాయమనగా ఒకరి జ్ఞానార్జనకు అడ్డుపడుట. మాత్సర్యమునకు వ్యాఖ్యాతలు చెప్పు అర్థము వినదగినది: ఇయ్యదగిన జ్ఞానమును ఇయ్యకుండుట. బిడ్డను బడి మాన్పించుట, వానికి చెప్పి ఏమి ప్రయోజనమనుట, చెప్పవచ్చిన ఉపాధ్యాయుని నిరుత్సాహపరచుట, ఇవి ఏ పద్దు క్రిందికి వచ్చునో ప్రత్యేకముగా చెప్పనక్కరలేదు. వినుటకు ఇది కటువు. ముఖ్యముగా ఆ తల్లిదండ్రులకు కటువు, వారు ఇప్పటికే నలిగియున్నవారు. కాని మాట అన్నది శాస్త్రము.

కర్మము ఉదయించుటకు కూడ ద్రవ్య క్షేత్ర కాల భావములను నిమిత్తములు కావలెనని జైనులు చెప్పుదురు. నిమిత్తము మారినచో ఫలము అనుభవమునకు వచ్చు తీరు మారును. దీనికి వైద్యశాస్త్రములోనే తేటతెల్లమైన దృష్టాంతమున్నది. కొందరు శిశువులకు పుట్టుకతోనే థైరాయిడ్ గ్రంథి సరిగా పనిచేయదు. భారతదేశమున ఇది సుమారు వెయ్యి జననములకు ఒకటిగా కనబడుచున్నది. శిశువు పుట్టిన కొద్దిరోజులలో మడమనుండి తీసిన రక్తపు చుక్కతో దీనిని కనుగొనవచ్చును. మొదటి రెండు వారములలో థైరాక్సిన్ మాత్ర ఆరంభించినచో బిడ్డ బుద్ధి సాధారణముగానే ఎదుగును. కనుగొనక నెలలు గడచినచో ఎదుగుదల కుంటుపడును, తరువాత ఎన్ని మాత్రలు వేసినను పోయినది పూర్తిగా తిరిగి రాదు. ఒకే లోపముతో పుట్టిన ఇద్దరు శిశువులు. ఒక ఇంట రక్తము పరీక్షించినారు, ఒక ఇంట పరీక్షించలేదు. పదేండ్ల తరువాత రెండవ ఇంటివారు వాని కర్మమని చెప్పినచో, ఆ మాటలో ఎంత భాగము వాని కర్మము, ఎంత భాగము పెద్దల ప్రమాదము?

ఆత్మ స్వభావతః అనంతజ్ఞానము కలది, దానిని కప్పినది ఆవరణము మాత్రమే అన్నది జైనమతము. ఈ మాటను నమ్మినవారికి "వీనికి బుద్ధి లేదు" అను వాక్యము పలుకుటకే వీలులేదు. ఆవరణము దట్టముగా ఉన్నదనవచ్చును, పలుచగా ఉన్నదనవచ్చును. ఏకేంద్రియ జీవికి సైతము జ్ఞానాంశము పూర్తిగా పోదని చెప్పు మతము, చీమకు నీళ్లు వడగట్టు మతము, తన బిడ్డను శూన్యమని లెక్కవేయునా?

మాషతుష ముని కథ ఈ సందర్భమున మరువరానిది. ఆయనకు గురువు రాగద్వేషములు వలదను భావముగల రెండు చిన్న మాటలు చెప్పినాడు. ఆ రెండును ఆయన నోట నిలువలేదు, "మాష తుష" అని మారిపోయినవి. పిల్లలు నవ్వినారు. పన్నెండేండ్లు ఆ మాటలనే పట్టుకొని ఉన్నాడనియు, చివరకు కేవలజ్ఞానము కలిగినదనియు శ్వేతాంబరులు చెప్పుదురు. దిగంబరులలో శివభూతి ముని కథ ఇదే. కుందకుందాచార్యుల భావపాహుడములో ఆయన ప్రస్తావన ఉన్నది. కథలో ముని ఓర్పును అందరు మెచ్చుకొందురు. గురువు ఓర్పును ఎవరును తలచరు. రెండు మాటలు రాని శిష్యుని ఆయన సంఘమునుండి పంపివేయలేదు, పాఠమును చిన్నది చేసినాడు.

పాఠమును చిన్నది చేయుటయే నేటి ప్రత్యేక విద్యకు మూలసూత్రము. మద్రాసులో పి. జయచంద్రన్, వి. విమల అనువారు రూపొందించిన పద్ధతి ఒకటి దేశమంతట ప్రత్యేక పాఠశాలలలో వ్యాపించినది. మద్రాసు డెవలప్‌మెంటల్ ప్రోగ్రామింగ్ సిస్టమ్ అని దాని పేరు. అందులో తినుట, తొడుగుకొనుట, మాటలాడుట, లెక్కించుట మొదలుగా 18 విభాగములు, ఒక్కొక్క విభాగమున 20 మెట్లు, మొత్తము 360 మెట్లు ఉన్నవి. బిడ్డ ఏ మెట్టుమీద ఉన్నాడో చూచి, దాని పై మెట్టు మాత్రమే నేర్పుదురు. దుకాణములో క్రొత్తగా చేరిన కుఱ్ఱవానికి పంచె మడత నేర్పునప్పుడు మొదటిరోజు అంచులు కలుపుట, తరువాత సగమునకు మడచుట, ఆ తరువాత పట్టీ చుట్టుట అని చెప్పని వర్తకుడు ఉండడు. పది రూపాయల జీతగానికి ఉన్న ఓర్పు కన్నబిడ్డకు లేకపోవుట వింత. అక్కడ నష్టము వచ్చుననియు, ఇక్కడ పరువు పోవుననియు భయము కాబోలు.

ఇక హోసూరు ప్రాంతమునకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉన్నది, అది భాష. ఈ తాలూకా మొదట సేలం జిల్లాలోను, 1965 నుండి ధర్మపురి జిల్లాలోను, 2004 ఫిబ్రవరి నుండి కృష్ణగిరి జిల్లాలోను ఉన్నది. జిల్లాలు మారినను బజారు మారలేదు. తెలుగు, కన్నడము, తమిళము మూడును ఒకే అంగడి గడపమీద వినవచ్చును. ఇచ్చట స్థిరపడిన జైన కుటుంబముల సంగతి మరింత చిత్రము. ఇంటిలో అవ్వ మార్వాడీ మాటలాడును. దుకాణములో బేరము తెలుగున సాగును. 2006 నాటి తమిళ అభ్యసన చట్టము వలన బడిలో తమిళము తప్పనిసరి. మిగిలిన పాఠములు ఇంగ్లీషు. చురుకైన బిడ్డకు ఇది వరము, పదేండ్లకే నాలుగు భాషలలో లెక్క చెప్పును. నెమ్మదిగా ఎదుగు బిడ్డ విషయములో ఇదే రెండు విధముల పొరపాటునకు దారితీయుచున్నది.

మొదటి పొరపాటు బుద్ధిని కొలుచుటలో. 1905లో పారిస్ నగరమున బినే అను విద్వాంసుడు పిల్లల బుద్ధిని కొలుచు పరీక్షను తయారుచేసినాడు. బడిలో ఎవరికి అదనపు సాయము కావలెనో కనుగొనుట దాని ఉద్దేశము, ఎవరిని పంపివేయవలెనో తేల్చుట కాదు. దానిని గత శతాబ్ది మొదటి సగమున ధార్వాడలో కామత్ అను పండితుడు కన్నడ, మరాఠీ పిల్లలకు అనుగుణముగా మార్చినాడు. బినే కామత్ పరీక్ష నేటికిని వాడుకలో ఉన్నది. ఒక భాషలోని పరీక్షను మరియొక భాషవారికి వాడుటకు ముందు ఇంత శ్రమ అవసరమని ఆ పెద్దలకు తెలియును. అట్టిది, ఇంట మార్వాడీయు వీధిలో తెలుగును వినిన బిడ్డను తమిళములోనో ఇంగ్లీషులోనో నాలుగు ప్రశ్నలడిగి, జవాబు రాలేదని మందబుద్ధి అని కాగితము వ్రాసిన యెడల ఆ కాగితమునకు విలువ ఎంత? పరీక్ష ఏ భాషలో జరిగినదని తండ్రి అడుగవలెను. వస్త్రము నాణ్యమును చీకటిలో చూచి ధర చెప్పువానితో కొనుబడి చేయు వర్తకుడు లేడు గదా.

రెండవ పొరపాటు దీనికి వ్యతిరేకము. "ఇంట్లో నాలుగు భాషలు గదా, అందుకే మాట ఆలస్యము. వాళ్ల తాతకు కూడ అయిదేండ్లకే మాట వచ్చింది" అని ఓదార్చుకొని, మూడేండ్లకు చూపించవలసిన బిడ్డను ఏడేండ్లకు చూపింతురు. మెదడు మెత్తగా ఉండి త్వరగా నేర్చుకొనునవి మొదటి సంవత్సరములే. అవి ఓదార్పులో పోవును. మాట రాకపోవుటకు కారణము పలుమార్లు చెవుడే. గుణమంజరి మూగతనము కూడ ఏమో ఎవరికి తెలియును. వినికిడి పరీక్షకు మైసూరులో 1965లో స్థాపించిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఉన్నది, ఇప్పుడు చిన్న పట్టణములలోను యంత్రములు వచ్చినవి. బుద్ధి, మనస్సు, నరములకు సంబంధించిన విషయములకు 1974లో ఏర్పడిన నిమ్‌హాన్స్ బెంగుళూరులో హోసూరు రోడ్డు మీదనే ఉన్నది. సరుకు నిమిత్తము నెలకు నాలుగు మార్లు ఆ గోడప్రక్కనుండి పోవు వర్తకులు, బిడ్డ నిమిత్తము ఒకమారు ఆ గేటులోనికి తిరుగుటకు ఏండ్లు పట్టుట చూడగా, ఆ దూరము కిలోమీటర్లలో లేదని తోచును. తెలుగున పాఠ్యసామగ్రి, తల్లిదండ్రులకు శిక్షణ కావలసినవారికి సికింద్రాబాదు మనోవికాస్‌నగర్‌లో 1984లో నెలకొల్పిన జాతీయ సంస్థ ఉన్నది.

భాష విషయమున మరియొక సలహా కూడ తరచుగా వినబడును: బిడ్డకు తికమక కలుగును, ఇంటిలో ఇకమీదట ఇంగ్లీషు ఒక్కటే మాటలాడుడు అని. కెనడాలో 2005లో డౌన్ సిండ్రోమ్ గల పిల్లలను పరిశీలించినారు. రెండు భాషల నడుమ పెరుగుచున్నవారు ఇంగ్లీషులో ఒకే భాషవారికంటె వెనుకబడలేదు, పైగా రెండవ భాషయు కొంత వచ్చినది. ఆటిజం గల పిల్లల విషయమునను పరిశోధనలు ఇట్లే చెప్పుచున్నవి. ఆ సలహా పాటించిన ఇంటిలో జరుగునదేమి? అవ్వకు ఇంగ్లీషు రాదు. పగలంతయు బిడ్డతో కూర్చుండు మనిషి ఆమె ఒక్కతె. ఆమె నోరు మూసుకొనును. ఉన్న ఒక్క గురువును కూడ తీసివేసినట్లగును.

బిడ్డను మామూలు బడిలో అందరితో కలిపి కూర్చుండబెట్టవలెనా, ప్రత్యేక పాఠశాలకు పంపవలెనా అన్నది విద్యావేత్తలు నేటికిని తర్కించుకొనుచున్న ప్రశ్న. 1994లో స్పెయిన్ దేశమున సాలమాంకా నగరమున జరిగిన మహాసభ కలిపి చదివించుటనే కోరినది. భారతదేశమున 2016 నాటి వైకల్యముగల వ్యక్తుల హక్కుల చట్టము ఇరువదియొక్క రకముల వైకల్యములను గుర్తించి, నలువది శాతము, అంతకు మించి వైకల్యమున్న పిల్లలకు ఆరవ యేటినుండి పదునెనిమిదవ యేటివరకు ఉచిత విద్య పొందు హక్కు ఇచ్చినది. సమీపమున ఉన్న బడియా, ప్రత్యేక పాఠశాలయా అన్నది బిడ్డ ఇష్టమునకు విడిచినది. డెన్మార్కు పరిశోధకులు 2022లో అనేక దేశముల అధ్యయనములను కూర్చి చూచి, సగటున కలిపి చదివించుట వలన లాభముగాని నష్టముగాని తేలలేదనియు, కొందరు బిడ్డలకు ఇది, కొందరికి అది మేలు చేయవచ్చుననియు చెప్పినారు. అనేకాంతవాదము తెలిసిన వారికి ఈ ఫలితము ఆశ్చర్యము కలిగించదు. ఏ బిడ్డకు, ఏ వయస్సున, ఏ పాఠమునకు, ఏ గురువు వద్ద అని అడుగక "ఏది మంచిది" అని మాత్రమే అడుగుట ఏకాంతము.

కాని ఈ తర్కమును చేర్చుకొననివారికి సాకుగా వాడనీయరాదు. ఇతర తల్లిదండ్రులు "అట్టి పిల్లవాడు తరగతిలో ఉన్నచో మా పిల్లల మార్కులు తగ్గును" అందురు. ఇట్లనువారిలో జైనులును లేకపోలేదు. పోలండు పరిశోధకులు 2017లో 47 అధ్యయనములను, సుమారు 48 లక్షల విద్యార్థుల ఫలితములను కూర్చి చూచినప్పుడు, తరగతిలో అట్టి పిల్లలుండుట వలన మిగిలినవారి చదువు తగ్గలేదని, స్వల్పముగా మెరుగే కనబడినదని తేలినది. తగ్గునది ఉపాధ్యాయుల సంఖ్య. 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు ప్రాథమిక తరగతులలో అట్టి పిల్లలు పదిమందికి ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు, పై తరగతులలో పదునైదుగురికి ఒకరు ఉండవలెనని చెప్పవలసి వచ్చినది. చెప్పవలసి వచ్చినదనగా లేరనియే గదా అర్థము.

అక్షరములు మాత్రమే తారుమారగు పిల్లల సంగతి వేరు. వారి బుద్ధి చక్కగనే ఉండును. చదువుట, వ్రాయుట, లెక్కలలో ఏదో ఒకటి ముడిపడును. డిస్లెక్సియా అందురు. నోటిలెక్కలో తండ్రిని మించిన కుఱ్ఱవాడు చిట్టా వ్రాయలేక దెబ్బలు తినుట వర్తకుల ఇండ్లలో క్రొత్త కాదు. 2016 చట్టము దీనిని కూడ గుర్తించినది. పరీక్షలలో అదనపు కాలము, వ్రాయుటకు సహాయకుడు, తమిళనాట ఒక భాష మినహాయింపు దొరకును. అడిగినవారికి దొరకును. అడుగుటకు ముందు లోపమున్నదని ఒప్పుకొనవలెను, అక్కడనే సిగ్గు అడ్డువచ్చును. సిగ్గు వెనుక పెండ్లి ఉన్నది: అక్కకు సంబంధము తప్పునని. ఇది ఊరక కొట్టివేయదగిన భయము కాదు, నిజముగా తప్పిన సంబంధములున్నవి. అయితే ఆ వెనుదిరిగిన వరుని ఇంటివారు కూడ జ్ఞానపంచమినాడు పీట వేయువారే.

దానమునకు జైనులు ఏనాడును వెనుదీయలేదు. ధర్మపురి నాడు తగడూరుగా ఉన్న కాలమున, నొళంబ మహేంద్రుని ఏలుబడిలో, ఇద్దరు వర్తక సోదరులు అక్కడ బసది కట్టించినట్లు క్రీ.శ. 893 నాటి శాసనము చెప్పుచున్నది. ఆహార, ఔషధ, అభయ, జ్ఞానదానములను నాలుగింటిని అట్టి బసదులు నడిపినవి. తెలుగు పిల్లలు ఓనమాలతో పాటు "సిద్ధం నమః" అని దిద్దుట ఆనాటి జైన గురువుల గుర్తు అని కొందరు చరిత్రకారులు అందురు. నేటి కాలమున జైపూరులో 1975లో వెలసిన భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి లక్షలమందికి ఉచితముగా కృత్రిమ పాదములు అమర్చినది. అది చిన్న పని కాదు. కాని పాదము అమర్చినచో ఆ మనిషి కొద్దిదినములలో నడచి పోవును, దాత చూచి సంతోషించును, ఫొటో తీయుదురు. ఒక బిడ్డకు చొక్కా గుండీ పెట్టుకొనుట నేర్పుటకు ఆరునెలలు పట్టును. అందులో ఫొటో తీయదగినది ఏమియు ఉండదు. అభయదానము, ఔషధదానము చందా పుస్తకములోనికి త్వరగా ఎక్కుటకును, అట్టి బిడ్డకు జ్ఞానదానము ఎక్కకపోవుటకును ఇది ఒక కారణము. కృష్ణగిరిలోనో హోసూరులోనో ఒక ప్రత్యేక ఉపాధ్యాయినికి అయిదేండ్ల జీతమును సంఘము భరించుట, భవనముమీద శిలాఫలకము వేయించుటకంటె తక్కువ ఖర్చు. ఫలకము మాత్రము దొరకదు.

చివర మిగిలినది తల్లిదండ్రులు రాత్రులందు తలచుకొని పగలు మాటలాడని విషయము: తమ తరువాత ఏమి? అన్నదమ్ములు ఆస్తి పంచుకొనునప్పుడు ఇది బయటపడును. పూర్వము ధర్మశాస్త్రము పేర పుట్టుగ్రుడ్డికి, జడునకు దాయభాగము లేకుండ చేసి, అన్నవస్త్రములు మాత్రము విధించిన ఆచారముండెడిది. 1928 నాటి చట్టము దానిని చాలవరకు తొలగించినను పుట్టుకతో బుద్ధిహీనులన్నవారిని విడిచిపెట్టినది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము, ఇది జైనులకును వర్తించును, రోగము వలన గాని వైకల్యము వలన గాని ఎవరి వారసత్వమును పోదని స్పష్టముగా చెప్పినది. ఆటిజం, మస్తిష్క పక్షవాతము, మేధో వైకల్యము, బహుళ వైకల్యము గలవారికి పదునెనిమిదేండ్లు నిండిన తరువాత సంరక్షకుని నియమించుటకు 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టము క్రింద జిల్లా కలెక్టరు అధ్యక్షతన స్థానిక సమితి ఉండును. కాగితము మీద బిడ్డకు భాగమున్నది. ఆ భాగములోని పది రూపాయల నోటును ఇరువది రూపాయల నోటునుండి వేరుచేయుట వానికి ఎవరైన నేర్పినారా అన్నది వేరు సంగతి. నేర్పనిచో సంరక్షకుడు మంచివాడైన అన్నము పెట్టును, చెడ్డవాడైన అదియు పెట్టడు. రెండింటిలో దేనినైనను బిడ్డ తెలిసికొనలేడు, ఒకరితో చెప్పుకొనలేడు.

పంపకము మాటలాడుటకు మేనమామ, పెద్దనాన్న, ఊరి పెద్ద ఒకరు కూర్చుందురు. గుమాస్తా చిత్తుకాగితము వ్రాయును. దుకాణము ఒకరికి, గోదాము ఒకరికి, ఇంటి మేడ భాగము చిన్నబాబు పోషణకు, నెలకు ఇంత అని అంకె వేయుదురు. అంకె తక్కువ వేయరు. ఆ విషయమున అన్నదమ్ములు ధర్మాత్ములే. మందులకు ఒక పద్దు వ్రాయుదురు. చదువు క్రింద పద్దు లేదని గమనించునది సాధారణముగా లోపలి గది గడపదగ్గర నిలుచున్న తల్లి. గుమాస్తా కలము మూయబోవునప్పుడు ఆమె, "భాయిజీ, వాడికి ఈ మధ్య మూడు వరకు లెక్క వస్తోంది. దాదీ నేర్పింది" అనును. చిత్తుకాగితము ఇంకను సాపుచేయలేదు.